పట్టా చేతికొచ్చిన నెలే ఎందుకంత కీలకం?

ఏటా ఫలితాలు రాగానే ఒక బ్యాచ్ మొత్తం ఉద్యోగాల వేటలో పడుతుంది. ఖాళీలు మాత్రం అలా ఒక్కసారిగా పుట్టుకురావు. ఎవరో రిటైరైనప్పుడో, కొత్త ప్రాజెక్టు చేతికొచ్చినప్పుడో ఒకటొకటిగా వస్తాయి. కాలేజీ క్యాలెండర్‌కూ కంపెనీ క్యాలెండర్‌కూ పొంతన కుదరకపోవడమే అసలు చిక్కు.

ఈ ఎడం పూడ్చడానికి పెద్ద కంపెనీలు ఎంపికలను ముందుకు జరుపుకున్నాయి. అమెరికాలో చాలా సంస్థలు వేసవిలో చేరాల్సినవాళ్లను అంతకుముందు శరదృతువులోనే ఎంచుకుంటాయి. చదువయ్యాక చూసుకుందాంలే అనుకున్న విద్యార్థి అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

ఈ పద్ధతిని అన్నిటికన్నా గట్టిగా పాటించిన దేశం జపాన్. అక్కడ చదువు మార్చిలో ముగుస్తుంది, ఏప్రిల్ 1న కొత్తవాళ్లంతా ఒకేసారి ఉద్యోగాల్లో చేరతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలు పరుగులు తీసిన రోజుల్లో ఇది మేలే చేసింది. 1990ల మొదట్లో షేర్లు, భూముల ధరలు కుప్పకూలాక కథ తిరగబడింది. 1993 నుంచి దాదాపు 2004 దాకా బయటికొచ్చిన బ్యాచ్‌లలో చాలామందికి ఆ ఒక్క ఏప్రిల్ చేజారింది. మరుసటి ఏడు కంపెనీలు మళ్లీ ఆ ఏటి పట్టభద్రులనే పిలిచాయి. పాతవాళ్లలో ఎందరో తాత్కాలిక కొలువుల్లోనే ఉండిపోయారు. ఆ కాలానికి 'ఉద్యోగాల మంచుయుగం' అని పేరు పడింది. వాళ్లకోసం ప్రభుత్వం 2019లో ప్రత్యేక పథకం తెచ్చేనాటికి చాలామంది నలభై ఏళ్లు దాటేశారు, మిగతావాళ్లు ఆ వయసుకు చేరువయ్యారు. ఒక్క సీజన్ తప్పినందుకు ఇన్నేళ్ల శిక్షా!

ఇలాంటి నష్టం మరోచోటా కనిపించింది. మాంద్యంలో చదువు ముగించిన కెనడా పట్టభద్రులపై ఫిలిప్ ఒరియోపౌలస్, టిల్ వాన్ వాక్టర్, ఆండ్రూ హైజ్ చేసిన పరిశోధన 2012లో అచ్చయింది. మొదట్లో సంపాదన సుమారు 9 శాతం తగ్గిందని, ఆ లోటు పూడడానికి దాదాపు పదేళ్లు పట్టిందని అందులో తేలింది. మెరుగైన కంపెనీలకు మారగలిగినవాళ్లు కోలుకున్నారు. మిగతావాళ్లకు ఆ దెబ్బ ఇంకా ఎక్కువ కాలం తగిలింది.

"మధ్యలో గ్యాప్ ఎందుకొచ్చింది?" అని ఇంటర్వ్యూలో అడిగితే తల దించుకునే పిల్లలను తలచుకుంటే బాధేస్తుంది. ఆ గ్యాప్ చాలాసార్లు వాళ్ల తప్పు కాదు, వాళ్లు పాసైన సంవత్సరానిది.

జపాన్ వ్యాపార సమాఖ్య కైదాన్‌రెన్ నియామకాల తేదీలపై మార్గదర్శకాలు ఇక రూపొందించబోమని 2018లో ప్రకటించింది. ఆ పని ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఏడాది పొడవునా నియామకాలు చేసే కంపెనీలు అక్కడ మెల్లగా పెరుగుతున్నా, ఏప్రిల్ 1 చేరికలు మాత్రం ఆగలేదు.