చెక్క కప్పుల హెడ్‌ఫోన్లు: అపోహలు - వాస్తవాలు

హెడ్‌ఫోన్‌కి ఉన్న ప్లాస్టిక్ కప్పులు తీసేసి ఇంట్లోనే చెక్కవి చేసుకుంటాను అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, ఏ చెక్క వాడితే సౌండ్ బాగుంటుంది అని. నేనూ అక్కడే మొదలుపెట్టాను లెండి. చెక్క ఎంచుకోడానికి నెల పట్టింది, లోపల బోలు ఎంత లోతుండాలో మాత్రం ఐదు నిమిషాల్లో కంటి కొలతతో తేల్చేశాను. మొదటి జత పెట్టుకుంటే రేకు డబ్బాలో తలపెట్టి పాట విన్నట్టు ఉండటానికి కారణం అదే.

అపోహ: రోజ్‌వుడ్ అయితే సౌండ్ వార్మ్‌గా, మేపుల్ అయితే షార్ప్‌గా వస్తుంది.

ఇది గిటార్ నుంచి అరువు తెచ్చుకున్న నమ్మకం. గిటార్ పైపలక 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, కంపించడమే దాని పని. మనం చేసే కప్పు గోడ 6 నుంచి 8 మిల్లీమీటర్లు, పైగా అరచేతిలో ఇమిడే గుండ్రటి ముక్క. అది కంపించేది చాలా తక్కువ, కంపించకపోతేనే మంచిది కూడా. తేడా తెచ్చేది కర్ర కాదు, కర్ర మధ్యలో మీరు తవ్విన బోలు.

లెక్క చూడండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వెనక మూసేసిన కప్పులో డ్రైవర్‌కి, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్‌కి, 30 మిల్లీమీటర్ల దూరంలో చదునైన గోడ ఉందంటే, శబ్దం ఆ రెంటి మధ్య ఇటూ అటూ కొట్టుకుని సుమారు 5,700 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బోలు వ్యాసం 50 మిల్లీమీటర్లైతే అడ్డంగా ఇంకో మోత, దాదాపు 4,000 దగ్గర. సరిగ్గా మన చెవి చురుగ్గా ఉండే చోటే ఇదంతా జరుగుతుంది, అందుకే గొంతు ముక్కుతో పాడినట్టు, స, ష అక్షరాలు గుచ్చుకున్నట్టు అనిపిస్తుంది. దీనికి మందు ఖరీదైన చెక్క కాదు, వెనక గోడకి అంటించిన ఉన్ని ఫెల్ట్ ముక్క, లేదా గోడని చదునుగా వదలకుండా గిన్నెలా వంపు తిప్పడం. బోలు మరీ చిన్నదైతే లోపలి గాలి బిగుసుకున్న స్ప్రింగులా డ్రైవర్‌ని వెనక్కి నెట్టి లోతైన బేస్‌ని తినేస్తుంది. ఒకే చెక్కతో రెండు లోతుల్లో చేసిన కప్పుల మధ్య నాకు వినిపించిన తేడా, ఒకే లోతులో రెండు రకాల చెక్కల మధ్య ఎప్పుడూ వినిపించలేదు.

గ్రాడో అనే హెడ్‌ఫోన్ల కంపెనీ వాళ్ల మోడళ్లలో ఎస్‌ఆర్60 ప్లాస్టిక్, ఆర్‌ఎస్1 మహాగని, వినండి తేడా తెలుస్తుంది అంటారు కొందరు. తెలుస్తుంది, కాదనను. కానీ ఆ రెంటిలో డ్రైవర్లు కూడా ఒకటి కావు కదా!

అపోహ: లేత్ మెషిన్ (చెక్కని గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) లేకపోతే ఈ పని కాదు.

ఉంటే హాయి. లేకపోతే స్టాండుకి బిగించిన డ్రిల్, ఒక హోల్ సా (గుండ్రంగా కోసే రంపం), ఒక ఫోర్స్‌నర్ బిట్ (చదునైన అడుగుతో వెడల్పు గుంత తవ్వే బిట్) చాలు. అయితే వరస ముఖ్యం. దిమ్మెని క్లాంపుతో బిగించి, హోల్ సాతో బయటి గుండ్రాన్ని సగం లోతు వరకే కోసి ఆపాలి, క్లాంపు కదపకుండా బిట్ మాత్రం మార్చి లోపలి బోలు తవ్వాలి, ఆ తర్వాతే తిరగేసి రెండోవైపు నుంచి మిగతా కోత పూర్తి చెయ్యాలి. ముందే గుండ్రంగా కోసేసి తర్వాత తవ్వుదామనుకుంటే ఆ ముక్కని పట్టి ఉంచడం ఎవరి తరమూ కాదు. హోల్ సా నడిమి బిట్ వల్ల మధ్యలో మిగిలే చిన్న బెజ్జాన్ని పూడ్చినా పూడ్చండి, గాలి రంధ్రంగా వాడుకున్నా వాడుకోండి.

కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇంకా తేలిక పద్ధతి. పలచటి ప్లైవుడ్‌లో రింగులు కోసి ఒకదానిమీద ఒకటి పేర్చడం. జిగురు పెట్టకముందే ఒక రింగు కలిపి, ఒకటి తీసి ఏ లోతులో బాగుందో విని తేల్చుకోవచ్చు. అందమైన చెక్క మీద చెయ్యి వెయ్యడం ఆ తర్వాత.

అపోహ: నాలుగు రోజులు ఎండలో పెడితే చెక్క ఆరిపోతుంది.

పైన ఆరుతుంది, నెర్రెలు కూడా ఇస్తుంది. దిమ్మెని నీడలో ఆరబెట్టాలంటే అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగం చేసేవాళ్ల మోటు లెక్క. పచ్చి కర్ర అన్నివైపులా సమానంగా కుంచించుకోదు. అడ్డకోతలో కనిపించే వలయాల వెంట కుంచించేది, వలయాలకి అడ్డంగా కుంచించేదానికి సుమారు రెట్టింపు, కాబట్టి ఇవాళ గుండ్రంగా ఉన్న బోలు రేపు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, డ్రైవర్ ఒకవైపు వదులు, ఇంకోవైపు బిగుతు. ముందు 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి మోటుగా తవ్వి పక్కన పెట్టండి. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగాకే చివరి కోత.

అపోహ: చేవ ఉన్న బరువైన చెక్కే గొప్ప.

మోసేది మీ తల. నేను చేసే కొలతల్లో ఒక కప్పుకి 58 ఘన సెంటీమీటర్ల చెక్క మిగులుతుంది. టేకైతే 38 గ్రాములు, రోజ్‌వుడ్ అయితే 50కి దగ్గర. రెండు గంటల సినిమా చూశాక ఆ తేడా మెడకి తెలుస్తుంది.

అపోహ: చెక్క సహజమైనది, హాని ఉండదు.

ఇది మాత్రం ప్రమాదం. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో పెట్టారు, రోజ్‌వుడ్ జాతి చెక్కల పొడికి కొందరికి చర్మం మీద దద్దుర్లు, దగ్గు వస్తాయి. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు మాస్కు ఉండాల్సిందే. ఇంకోటి, పాలిష్‌కి వాడే అవిసె నూనె పూసిన గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే, ఆరుతూ ఆరుతూ దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. పాలిష్ వేస్తే చెక్క ఊపిరాడక సౌండ్ చస్తుందనే మాట కూడా పట్టించుకోవద్దు. బయటా లోపలా రెండువైపులా పుయ్యండి, ఒకవైపే పూస్తే తేమ రెండోవైపు నుంచే లాక్కుని కప్పు వంకరపోతుంది.

అపోహ: బిగించాక బేస్ పోయిందంటే చెక్క కుదరలేదన్నట్టే.

రెండో జతకి నేనూ ఇదే అనుకుని ఒక ఆదివారమంతా గోడలు అరగదీశాను. తీరా చూస్తే ఒకవైపు ప్లస్, మైనస్ తీగలు తారుమారుగా టంకం వేశాను. మోనో పాట, అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం వచ్చే పాట పెట్టండి, గొంతు తల మధ్యలో వినిపించాలి. రెండువైపులా చెదిరిపోయినట్టుంటే తీగలు చూసుకోండి. అది కాకపోతే ప్యాడ్ అంచు దగ్గర గాలి కారుతోందేమో చూడండి, సన్నని సందు చాలు బేస్ పోవడానికి. బరబర శబ్దం వస్తుంటే డ్రైవర్‌లో కంపించే పలచటి పొరకి, అదే డయాఫ్రమ్‌కి, వెంట్రుకో పొట్టో తగులుతున్నట్టు. డ్రైవర్‌లో ఉండేది అయస్కాంతం, ఇనుప రజనుని లాగేస్తుంది, అందుకని డ్రిల్లు పనంతా దానికి దూరంగా చేసుకోండి.

అపోహ: ముందు, తర్వాత తేడా చెవికే తెలిసిపోతుంది.

పాత కప్పు విప్పి కొత్తది బిగించేసరికి గంట పడుతుంది, అంతసేపు సౌండ్ గుర్తుండదు. పైగా మన చేత్తో చేసింది కదా, బాగుందనే అనిపిస్తుంది. నేను చేసేది ఒకటే, ముందు కుడి కప్పు ఒక్కటే మార్చి, ఎడమది పాతదే ఉంచి, మోనో పాటని ఒకసారి ఇటు, ఒకసారి అటు వింటాను. వాల్యూమ్ ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి, కొంచెం ఎక్కువున్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. కుడిది నచ్చకపోతే రెండో దిమ్మె ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది, లోతు మార్చి తవ్వుకోవచ్చు.