బొగ్గులో గంధకం: ముందే తీసేయొచ్చా?

2025 జూలై 11 నోటిఫికేషన్‌తో దేశంలోని చాలా థర్మల్ కేంద్రాలకు ఎఫ్‌జీడీ (పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసేసే వ్యవస్థ) తప్పనిసరి కాకుండా పోయింది. మన బొగ్గులో గంధకం తక్కువేనన్నది మినహాయింపు కోరినవారి వాదన. దానికి తోడు, కాల్చకముందే బొగ్గులోంచి గంధకం తీసేస్తే సరిపోతుందన్న పాత మాట మళ్లీ వినిపిస్తోంది. ఈ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015లో హద్దులు పెట్టి, ఆ తర్వాత గడువులు పొడిగిస్తూ వచ్చారు. ముందే తీసేయడమన్న పాత మాట సంగతి మాత్రం 1970, 80లలో అమెరికాలోనే తేలిపోయింది.

గంధకం బొగ్గులో ప్రధానంగా రెండు రకాలుగా ఉంటుంది: పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) రేణువులుగా, లేదా బొగ్గు అణువుల్లోనే అతుక్కుని. బొగ్గును కడిగే వాషరీలో ముతక పైరైట్ మాత్రమే విడిపోతుంది. గాలి తగలకుండా 500 డిగ్రీలు దాటించి వేడి చేస్తే పైరైట్‌లో సగం గంధకం ఆవిరైపోతుంది, మిగతా సగం ఐరన్ సల్ఫైడ్‌గా ఉండిపోతుంది. పైగా త్వరగా అంటుకునే వాయువులన్నీ వెళ్లిపోయి, బాయిలర్‌లో మండడానికి మొరాయించే చార్ అనే మాడిన బొగ్గు మిగులుతుంది.

అమెరికాలో టీఆర్‌డబ్ల్యూ సంస్థ అభివృద్ధి చేసిన మేయర్స్ పద్ధతిలో నలగ్గొట్టిన బొగ్గును 100 డిగ్రీలకు పైన ఫెర్రిక్ సల్ఫేట్ ద్రావణంలో ఉంచి, ఆక్సిజన్‌తో ద్రావణాన్ని మళ్లీ పనికొచ్చేలా చేసేవారు. పైరైట్ గంధకం 90 శాతానికి పైగా పోయేది. కానీ అందులో దాదాపు 40 శాతం విడి గంధకంగా బొగ్గులోనే చిక్కుకునేది, దాన్ని తీయడానికి మరో దశ కావాలి. అణువుల్లోని గంధకం చెక్కుచెదరదు. దాన్నీ లాగడానికి అదే సంస్థ గ్రావిమెల్ట్ తెచ్చింది: 370 డిగ్రీల పైన కరిగిన కాస్టిక్ సోడాలో బొగ్గును ఉడికించడం. గంధకం పోయింది గానీ, కాస్టిక్ వెళ్లి బూడిదలోని సిలికా, అల్యూమినాలకు పట్టుకుంది. దాన్ని కడిగి, ఆమ్లంతో మళ్లీ కడిగి, సోడా తిరిగి రాబట్టే ఖర్చే ఆ పద్ధతిని ముంచింది. బూడిద 30-40 శాతం ఉండే మన బొగ్గుకైతే ఈ లెక్క ఇంకా దారుణం.

అసలు మలుపు 1979. అమెరికా 1971 నిబంధనలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంత విడుదల చేయొచ్చన్న పరిమితి మాత్రమే ఉండేది, గంధకం తక్కువున్న బొగ్గు కాల్చి గట్టెక్కేవారు. 1979లో కొత్త కేంద్రాలకు 70-90 శాతం తగ్గింపు తప్పనిసరి చేశారు, తక్కువ గంధకం బొగ్గుకూ మినహాయింపు ఇవ్వలేదు. ముందే శుభ్రం చేసిన మేరకు లెక్కలో కలుపుకోనిచ్చినా, ఒక్క దానితో ఆ గీత దాటడం అసాధ్యమైంది. పరిశ్రమ పొగను శుభ్రం చేసే స్క్రబ్బర్ల వైపు, అంటే ఎఫ్‌జీడీ వైపు మళ్లింది. అది అనవసర ఖర్చన్న విమర్శ అప్పుడూ ఉంది.

ఇప్పుడు మన "తక్కువ" ఎంతో చూడండి. 0.4 శాతం గంధకమంటే టన్ను బొగ్గుకు 8 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. పూర్తి లోడుతో నడిచే 500 మెగావాట్ల యూనిట్ నుంచి రోజుకు సుమారు 60 టన్నులు. పొగలో ఘనపు మీటరుకు 1,300 మిల్లీగ్రాముల దరిదాపు. అలాంటి యూనిట్‌కు 2015లో పెట్టిన హద్దు 200.