పాట సీమది, పేరు ఎవరిది? ప్రైవేట్ పాటల వీడియోల వెనకున్న కథ

ఇప్పుడు అనంతపురం, కర్నూలు, కడప వైపు ఏ జాతరకు పోయినా డీజే బాక్సుల్లో సినిమా పాటలకు పోటీగా, ఏ సినిమాలోనూ లేని ప్రైవేట్ పాటలు మోగుతుంటాయి. వాటికి యూట్యూబ్‌లో వీడియోలు కూడా ఉంటాయి. గండికోట లోయ మీద ఒక డ్రోన్ షాట్, ఓర్వకల్లు రాళ్ల మధ్య ఒక స్టెప్పు, లంగావోణీలో ఒక అమ్మాయి, బండి మీద ఒక అబ్బాయి. ఆ జంట ఎదురైతే జనం సెల్ఫీలకు ఎగబడతారు. పాడిన గొంతు ఎవరిదని అడిగితే మాత్రం పదిమందిలో ఒకరిద్దరికి తెలిస్తే గొప్ప. రాసినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వీడియో తెచ్చే పేరూ డబ్బూ ఎవరికి చేరుతున్నాయన్నది జానపద కళాకారుల్లో చాన్నాళ్లుగా నలుగుతున్న మాట. యూట్యూబ్ రాకముందే దీనికి మూలాలు పడ్డాయి.

మ్యూజిక్ వీడియో పుట్టింది ప్రకటనగా. 1960ల మధ్యలో ఇంగ్లండ్ పాప్ బృందం బీటిల్స్‌కు ప్రతి దేశపు టీవీ స్టూడియోకూ వెళ్లి పాడే తీరిక లేకపోయింది. తాము పోయే బదులు పాటకు ఫిల్మ్ తీయించి పంపడం మొదలుపెట్టారు. 1975లో క్వీన్ బృందం కచేరీల పర్యటనలో ఉండి ఇదే పని చేసింది. మనిషి పోలేని చోటికి మనిషి బొమ్మను పంపడమే దీని అసలు పని. 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల చానల్ ఎంటీవీ మొదలయ్యాక ఈ పద్ధతి వ్యాపారంగా కుదురుకుంది. రికార్డు కంపెనీలు సొంత ఖర్చుతో వీడియోలు తీసి చానల్‌కు ఊరికే ఇచ్చేవి. చానల్‌కు ఖర్చు లేకుండా కార్యక్రమం దొరికేది, కంపెనీకి రికార్డులు అమ్ముడుపోయేవి.

ప్రకటన అన్నాక సరుకు కనబడాలి కదా. అక్కడ సరుకు గాయకుడే. అందుకే ఆ వీడియోల్లో పాడేవాళ్ల ముఖం మాటిమాటికీ దగ్గరగా చూపిస్తారు. ఒకే తరహా జుట్టు, ఒకే తరహా బట్టలు, చూడగానే ఫలానా మనిషని తెలిసిపోయే ఏదో ఒక గుర్తు. వీటికి తోడు వీడియో మొదట్లో, చివర్లో తెర ఎడమవైపు కింద గాయకుడి పేరు, పాట పేరు, ఆల్బమ్, కంపెనీ పేరు అక్షరాల్లో పడేవి. చూసినవాడు కొట్టుకు పోయి ఏ క్యాసెట్ అడగాలో తెలియాలిగా మరి.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. పాటకు దృశ్యం కట్టడం సీమవాళ్లకు కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఆడిన ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటకాలు రంగుల తెరలతో, గాలిలో తేలే పాత్రలతో జనాన్ని ఊళ్లకు ఊళ్లు కదిలించాయి. ఆ తర్వాత సినిమాలో పాటను ఎట్లా చూపించాలో నేర్పినవాళ్లలో కడప జిల్లా నుంచి పోయిన బీఎన్ రెడ్డి, తాడిపత్రిలో పుట్టిన కేవీ రెడ్డి ముందు వరసలో ఉంటారు. 1957 నాటి ‘మాయాబజార్’లో వెన్నెల రాత్రి పడవ పాట ఇప్పటికీ పాట చిత్రీకరణకు పాఠమే. కానీ ఆ పాటలో గొంతులు ఘంటసాల, పి.లీలలవి, తెర మీద ముఖాలు నటులవి. దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు, పట్టాల్సిన పనీ లేదు. అయితే ఒకరి గొంతుకు ఇంకొకరి ముఖం ఉండటం తెలుగు కంటికి అప్పుడే అలవాటైపోయింది.

ఆ రోజుల్లో ఈ లోటును రేడియో పూడ్చింది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక చెక్కభజన బృందాలు, కోలాటం పాటలు, తత్వాలు పాడేవాళ్లు స్టూడియో మెట్లెక్కారు. పాటకు ముందో వెనకో అనౌన్సరు పేరు చదివేవారు. సినిమా పాటైతే రచన, సంగీతం, గానం అని వరసగా చెప్పేవారు. బొమ్మ లేని పెట్టెలోంచి వచ్చిన ఆ పేర్లే కళాకారుల్ని ఊరూరా పరిచయం చేశాయి. ఆ అలవాటును మనం ఎంత సులువుగా వదిలేసుకున్నామో తలచుకుంటే నాకు కొంచెం కోపం కూడా వస్తుంది.

తర్వాత క్యాసెట్లు, ఆ వెనకే వీసీడీలు. జాతరల్లో, బస్టాండ్ల దగ్గర భక్తి పాటలు, జానపదాలు చవగ్గా అమ్మేవారు. రికార్డింగ్ రోజున చేతిలో పెట్టిన మొత్తమే కళాకారుడికి ముట్టేది, క్యాసెట్లు ఎన్ని అమ్ముడుపోయినా ఆ లెక్క కొట్టు అవతలే ఉండిపోయేది. వీసీడీ కాలంలోనే ఇంకో మార్పు వచ్చింది. తెర మీదికి వయసులో ఉన్న డాన్సర్లు వచ్చారు, పాడే పెద్దాయన స్టూడియోలోనే ఆగిపోయాడు.

హిందీ, పంజాబీల్లో 1995లో అలీషా చినాయ్, దలేర్ మెహందీ లాంటి పాప్ గాయకులు శాటిలైట్ టీవీతో ఇంటింటికీ తెలిసిపోయారు. వాళ్ల ముఖాలే వాళ్ల వీడియోలు. అదే ఏడాది మొదలైన జెమిని, ఈటీవీలు మాత్రం సినిమా పాటలతోనే నిండిపోయాయి. దూరదర్శన్ ‘చిత్రలహరి’ నాటి నుంచీ మనకు టీవీలో పాటంటే సినిమా పాటే.

సినిమాలో సీమ ఎట్లా కనబడిందో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1999 నుంచి కొన్నేళ్లపాటు వరసగా వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల్లో సీమంటే సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు. సీమ యాస విలన్ అనుచరుల నోట్లో పడింది. అదే కాలంలో తెలంగాణలో ఉద్యమం పాటను వేదిక మీద నిలబెట్టింది. ఆ పాటలకు చోటిచ్చే టీవీ చానళ్లూ వచ్చాయి. సీమ కళాకారులకు అట్లాంటి వేదిక దొరకలేదు.

గాయని మంగ్లీ కథలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి మండలంలోని బంజారా తండాలో, సంగీతం చదివింది తిరుపతిలో. పేరు వచ్చింది మాత్రం హైదరాబాద్‌లో, వీ6 చానల్‌లో తెలంగాణ యాసలో మాట్లాడి. ఆ తర్వాత ఆమె పాటల వీడియోలు చూడండి. పాడేదీ ఆమే, తెర మీద కనబడేదీ ఆమే. బతుకమ్మ, సంక్రాంతి, ఉగాది, శివరాత్రి, ఇట్లా పండగకో పాట విడుదలవుతుంది. ఇందులో మంచి లెక్క ఉంది. మామూలు పాటకు ఆయుష్షు కొన్ని వారాలు. పండగ పాటను జనం ఏటా అదే రోజుల్లో మళ్లీ వెతుక్కుంటారు, డీజేలూ మళ్లీ పెడతారు. ఈవెంట్లకు పిలవాలనుకున్నవాళ్లకు గొంతుతో పాటు ముఖం, వేషం, పేరు అన్నీ ముందే తెలిసి ఉంటాయి. సినిమా పాటలు ఆ తర్వాతే ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి.

కడప జిల్లాకు చెందిన జానపద కళాకారుడు పెంచల్ దాస్ ఇంకో దారిలో వచ్చారు. 2018లో ఒక సినిమాలో సీమ యాసతో పాట పాడారు, అదే ఏడాది ‘అరవింద సమేత’కు ‘రెడ్డమ్మ తల్లి’ రాశారు. దాన్ని పాడిన మోహన భోగరాజు 2021లో ‘బుల్లెట్టు బండి’ ప్రైవేట్ పాటలో పెళ్లికూతురి వేషంలో తానే తెర మీదికి వచ్చారు. ఆ ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు ఆ పాటకు వేసిన స్టెప్పులు ఫోన్లలో పాకి, పాటకు రెండో ఊపు తెచ్చాయి. ఆ ఊపులో గాయని పేరు కూడా బయటికి వచ్చింది, ఎందుకంటే అసలు వీడియోలో ఆమె ఉన్నారు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది, అసలు వరద అప్పుడే మొదలైంది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించగానే రీల్స్, షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చాయి. అప్పటినుంచి పాటకు స్టెప్పే ప్రాణమైంది. ఎవరైనా ఇంటి ముందర నిలబడి వేయగలిగేంత సులువుగా ఉండాలి, పావు నిమిషంలో అయిపోవాలి. ఎడిటర్లు ఆ ముక్కను ముందే అనుకుని పాట కట్టించుకుంటున్నారు.

చూసేవాళ్లు ఎవరన్నది కూడా ముఖ్యమే. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్లు, అనంతపురం నుంచి బెంగళూరు పనులకు పోయినవాళ్లు, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబాలు. “యాడుండావు, ఎట్లుండావు” అన్న పలకరింపు పాటలో వినబడితే వాళ్లు ఆగి చూస్తారు. వేరుశనగ చేను, పీర్ల పండగ అలావ, ఊరి రచ్చబండ కనబడితే ఇంకొకరికి పంపిస్తారు. సినిమా పోగొట్టిన సీమను ఈ చిన్న వీడియోలు కొంతైనా తిరిగి తెచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. పైగా గల్ఫ్ నుంచి వచ్చే వ్యూకు ప్రకటనల రేటు మామూలుగా మన దగ్గరి వ్యూ కంటే ఎక్కువే.

ఆ డబ్బు చేరేది చానల్ యజమానికి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 2018 నుంచి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్న నియమం వచ్చింది. సొంత చానల్ పెట్టుకున్న గాయకుడు అక్కడికి చేరేలోపు, పెద్ద చానల్‌కు పాట ఇచ్చేస్తే ఒక్క వారంలో లక్షల వ్యూస్ వస్తాయి. అందుకే ఇచ్చేస్తాడు. ఆ చానల్ పాటను కంటెంట్ ఐడీలో, అంటే ఇతరుల వీడియోల్లో ఆ పాట వాడితే పట్టేసే యూట్యూబ్ ఏర్పాటులో, నమోదు చేస్తే, రేపు అదే ట్రాక్ మీద తాను స్టేజీపై పాడిన వీడియో పెట్టుకున్నా దాని ఆదాయం చానల్‌కే మళ్లొచ్చు. జానపదమైతే ఇంకో చిక్కుంది. అవ్వలు పాడుకున్న పాటకు రచయిత పేరు ఉండదు, ట్యూన్ కొంచెం మార్చినవాళ్ల పేరు మాత్రం ఎక్కుతుంది. 2021లో ‘సారంగదరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు, అంతకుముందే దాన్ని టీవీలో పాడిన జానపద గాయని అభ్యంతరం చెప్పడంతో ఈ ప్రశ్న రాష్ట్రాలు దాటి వినబడింది.

చట్టంలో దారి లేకపోలేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, సినిమాలో భాగం కాని రికార్డింగ్‌కు పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు రాయల్టీలో తమ సమాన వాటాను ఇతరులకు రాసిచ్చేయకుండా కట్టడి చేశారు. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికి రాసిచ్చినా చెల్లదు. సీమ ప్రైవేట్ పాటల ఆడియో రికార్డింగ్‌లు ఈ కోవలోకి వస్తాయి. అదే సవరణ పాడినవాళ్లకు తమ పేరు చెప్పమని అడిగే హక్కు కూడా ఇచ్చింది. కానీ మన దగ్గర చాలా పాటలు ఫోన్లో మాట్లాడుకుని, స్టూడియోలో పాడి, ఫోన్‌పేలో డబ్బు తీసుకుని ముగిసిపోతున్నాయి. కాగితం లేదు. పేర్లు వీడియో కింద ‘మోర్’ నొక్కితే గానీ కనబడని వరసల్లో ఉంటాయి, కొన్నిసార్లు అక్కడా ఉండవు.