గాలి దారిలో పడిన నట్టు

చిరంజీవులకు ఆశీస్సులు.

బండి పని నేర్చుకుంటున్న మీకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎయిర్ ఫిల్టర్ విప్పినప్పుడు ఇంజను గాలి పీల్చే దారి తెరుచుకొని ఉంటుంది. అందులో నట్టో, వాషరో జారిపడితే, పడిందేమోనన్న అనుమానం కలిగినా సరే, ఆ ముక్క దొరికేదాకా తాళం తిప్పకూడదు.

పొగగొట్టం గుండా అదే బయటికి పోతుందిలే అని స్టార్టు చేసేవారున్నారు. ఆ తెగింపు మీకు వద్దు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో సిలిండరులో కిందికీ పైకీ ఆడే ప్రతి పిస్టనూ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. అప్పుడు దాని అంచుకూ సిలిండరు పైమూత అయిన హెడ్డుకూ మధ్య మిగిలే సందు చాలా ఇంజన్లలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది కాబట్టి, అక్కడ చిక్కుకున్న ఇనుప ముక్క పిస్టన్ తల మీద గుంటలు పెట్టి, సిలిండరుకు తలుపులాంటి వాల్వును వంచి, స్పార్క్ ప్లగ్ కొనను నలగ్గొడుతుంది. గాలిని ఒత్తి ఇంజనులోకి నెట్టే టర్బో ఉన్న బండిలో అయితే, నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరగగల దాని రెక్కలకే మొదటి దెబ్బ తగులుతుంది.

ముందుగా బ్యాటరీ తీగ విప్పండి. ముక్క ఇంకా సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలైన మ్యానిఫోల్డులోనే ఉండి, దాని ముందున్న వాల్వు మూసుకొని ఉంటే అది మీ అదృష్టం. అందుకే అక్కడ వెతకడం పూర్తయ్యేదాకా ఇంజనును చేత్తో కూడా తిప్పవద్దు, తిప్పితే వాల్వు తెరుచుకొని ముక్క సిలిండరులోకి జారవచ్చు. గాలి గొట్టంతో ఊదినా అంతే, అది మరో సిలిండరు వైపు పోతుంది. పొడవాటి అయస్కాంతపు కడ్డీ ఇనుమును పట్టుకుంటుంది గాని, అల్యూమినియంను పట్టుకోదు. అలాంటి ముక్కకు కడ్డీ కొనన చిక్కటి గ్రీజు అద్ది ప్రయత్నించవచ్చు. అందకపోతే మ్యానిఫోల్డునే విప్పాలి, బద్ధకించకూడదు.

సిలిండరులోకి పోయిందని తేలితే ప్లగ్గులన్నీ తీసి, సన్నని కెమెరా దించి చూడండి. పిస్టనును కిందికి దించడానికి ఇంజనును స్పానరుతో మెల్లగా తిప్పుతున్నప్పుడు ఎక్కడైనా పట్టేస్తే బలం ప్రయోగించక ఆగిపోండి. ప్లగ్గు రంధ్రం గుండా ముక్క రాకపోతే హెడ్డు దించడం తప్పదు. ఖర్చే అయినా, అది కొత్త ఇంజను ఖర్చు కాదు. బయటికి వచ్చినవి విరిగిన ముక్కలైతే వాటిని కాగితం మీద పేర్చి, వస్తువు పూర్తిగా వచ్చిందో లేదో సరిచూసుకోండి.

పని జరుగుతున్నంతసేపూ తెరిచి ఉన్న రంధ్రాలను శుభ్రమైన పెద్ద గుడ్డలతో మూసి, ఎన్ని పెట్టారో రాసుకొని, బిగించే ముందు అన్నీ తీశారో లేదో లెక్క చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య