మోత బరువున్న మాట

పన్ను నొప్పి పుట్టినవాడు తెలుగులో ‘భరించలేను’ అంటాడు, ఇంగ్లిష్‌లో ‘కాంట్ బేర్’ అంటాడు. ఈ భరించు, బేర్ రెండూ ఒకే వేరు నుంచి మొలిచినవి.

ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ భాషల తల్లిని మూల జర్మానిక్ అంటారు. క్రీస్తుకు సుమారు 500 ఏళ్ల ముందు దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతాల్లో అది వాడుకలో ఉండేది. అందులో రాసిన పుస్తకం ఒక్కటీ లేదు. పిల్ల భాషల్ని పక్కపక్కన పెట్టి పండితులు తల్లిని ఊహించారు. అలా తేలిన క్రియ ‘*బెరనఁ’, అంటే మోయడం. ముందున్న నక్షత్రం గుర్తు (*) ‘ఇది రాతలో దొరకలేదు, మా లెక్క మాత్రమే’ అనే ఒప్పుకోలు. చివర ముక్కుతో పలకాలి. పాపం, మన అరసున్నకు ఇన్నాళ్లకు పని దొరికింది!

కడుపులో మోయడం కూడా మోతే కదా. అందుకే ఇంగ్లిష్‌లో ‘బర్త్’, ‘బోర్న్’ ఈ ఇంటివే. స్వీడిష్‌లో పిల్లల్ని ‘బార్న్’ అంటారు, స్కాట్లాండ్‌లో ‘బేర్న్’. ‘బర్డెన్’ అంటే భారం, ‘బియర్’ అంటే పాడె. పుట్టుక నుంచి పాడె దాకా అన్నీ ఒకే క్రియ మోస్తోంది. ఎలుగుబంటి ‘బేర్’ మాత్రం చుట్టం కాదు. అది ‘గోధుమరంగుది’ అనే మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

పోలిక చూసి చుట్టరికం కలిపేస్తే ఇలాగే దెబ్బతింటాం. ధ్వనుల మార్పులో క్రమం కనిపించాలి. సంస్కృతం, లాటిన్, మూల జర్మానిక్ ఇంకా పాతదైన ఒకే భాష నుంచి పుట్టినవి. 1822లో జర్మన్ భాషా పండితుడు యాకోబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట జర్మానిక్‌లో ‘బ’ వస్తుంది. భ్రాతకు బ్రదర్, కనుబొమ అనే భ్రూకు బ్రౌ, మోస్తాడు అనే భరతికి బేర్. లాటిన్‌లో అదే ‘ఫ’ అయింది. ‘ట్రాన్స్‌ఫర్’లోని ‘ఫర్’ కూడా మోతే.

భారం, భృతి, భర్త, భార్య అన్నీ ఈ వేరువే. భర్త భరించేవాడు, భార్య భరించబడవలసినది అని వ్యుత్పత్తి. చాలా ఇళ్లలో లెక్క తిరగబడి ఉంటుంది, అది వేరే సంగతి.

అయితే ఇవన్నీ తెలుగుకు సంస్కృతం నుంచి వచ్చిన అరువు మాటలు. తెలుగు ద్రావిడ భాష, మన సొంత మాట ‘మోయు’. దానికీ బెరనఁకూ ఏ బంధుత్వమూ లేదు. అయినా మన అమ్మలు ‘నవమాసాలు మోసి కన్నాను’ అనే అంటారు.