6,000 మైళ్లకు ఏడాది ఎందుకు?

చిరంజీవులు చిన్నికి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్త పక్కింటి దంపతులు రిటైరయ్యాక పడవలోనే కాపురం పెట్టి అమెరికా దేశం చుట్టి రావడానికి బయల్దేరారని ఫోన్లో చెప్పాను కదా. "చుట్టి రావడానికి ఏడాది ఎందుకు తాతయ్యా?" అని చిన్ని అడిగింది. ఫోన్లో తెమిలే జవాబు కాదు, అందుకే రాస్తున్నాను.

వాళ్లు వెళ్లే దారిని గ్రేట్ లూప్ అంటారు. దేశం చుట్టూ అన్నాను గానీ, నిజానికి చుట్టేది తూర్పు సగమే. ఫ్లోరిడా నుంచి అట్లాంటిక్ తీరం వెంబడి పైకి, హడ్సన్ నది, ఈరీ కాలువ, పెద్ద సరస్సులు, షికాగో, అక్కడి నుంచి ఇల్లినాయ్, మిసిసిపీ నదుల మీదుగా కిందికి, టెనెసీ నది, ఇంకో కాలువ, మెక్సికో గల్ఫ్ తీరం, మళ్లీ ఫ్లోరిడా. మొత్తం సుమారు 6,000 మైళ్లు. వలయం కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా ఫర్వాలేదు. మనవాళ్లు హడ్సన్ ఒడ్డున మొదలుపెట్టారు.

తీరం వెంబడి అంటే నడిసముద్రంలో అనుకునేరు. చాలా దూరం తీరానికీ, దానికి ఎదురుగా ఉన్న సన్నటి దీవుల వరసకీ మధ్య నీళ్లలోనే పోతారు. మన కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలువల మీదే సరుకు పడవలు నడిచిన రోజులున్నాయి, మీ నాన్నకే తెలియదు.

ఇక లెక్క. ఇలాంటి పడవ గంటకు 8 మైళ్లు పోతుందనుకోండి. 6,000 మైళ్లకు 750 గంటలు. రోజుకు 6 గంటలు నడిపితే 125 రోజులు, అంటే నాలుగు నెలలు. మరి మిగతా ఎనిమిది నెలలూ? కాస్త ఊళ్లు చూడటం, చాలావరకు ఆగడం! చలికాలమంతా ఈరీ కాలువ మూసేస్తారు, మళ్లీ తెరిచేది మే నెలలో. అట్లాంటిక్‌లో, గల్ఫ్‌లో తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందుకని వేసవిలో సరస్సుల్లో ఉండాలి, చలి ముదరకముందే షికాగో దాటాలి, అలాగని గల్ఫ్‌కి తొందరపడి దిగకూడదు. పంచాంగం చూడందే గడప దాటని మన బామ్మ వీళ్లని చూస్తే మెచ్చుకునేది. ఎక్కువమంది గడియారం ముల్లుకి ఎదురు దిశలోనే తిరుగుతారు. అలా అయితే ఇల్లినాయ్, మిసిసిపీ ప్రవాహం పడవని ముందుకే తోస్తుంది.

మొదటిరోజు నన్నూ ఎక్కించుకున్నారు. వాటర్‌ఫర్డ్ అనే ఊళ్లో వరసగా ఐదు లాకులు ఉన్నాయి, ఒకటిన్నర మైళ్లలో పడవని 169 అడుగులు పైకి ఎక్కిస్తాయి. మన ధవళేశ్వరం లాకుల పద్ధతే. తలుపులు మూస్తారు, పైనున్న నీరు తనంతట తనే లోపలికి దిగుతుంది, పడవ లేస్తుంది. గోడ మీంచి పాకుడు పట్టిన తాళ్లు వేలాడుతుంటాయి. నాకు ఒకటి అప్పగించి, "పట్టుకోండి, కట్టకండి" అన్నాడు పక్కింటాయన. కడితే నీరు పెరిగేకొద్దీ పడవ ఆ పక్కకి ఒరిగిపోతుంది. చేతి తొడుగులు తీసేదాకా ఆ జిగట వదల్లేదు.

ఇంకా వింతైనది కెనడాలోని పీటర్‌బరో లిఫ్ట్. నేను చూడలేదు, వాళ్లు వెళ్లే దారిలోనే ఉంది. 1904లో తెరిచారు. నీళ్లు నింపిన రెండు పెద్ద తొట్లు, ఒకటి పైన, ఒకటి కింద. పడవ తొట్లోకి వస్తే తన బరువంత నీటిని బయటికి తోస్తుంది కాబట్టి పడవ ఉన్నా లేకున్నా తొట్టి బరువు ఒకటే. అప్పుడు పై తొట్లోకి ఒక అడుగు నీరు ఎక్కువ వదులుతారు, సుమారు 130 టన్నులు. అంతే, తక్కెడలాగా అది దిగుతుంది, రెండోది 65 అడుగులు లేస్తుంది. పైకెత్తడానికి ఇంజను అక్కర్లేదు. బబ్లూ, రెండు ప్లాస్టిక్ డబ్బాలూ ఓ కప్పీ దొరికితే చేసి చూడు.

షికాగో దగ్గర ఒక రైలు వంతెన ఉంది, పైకి లేవదు. నీటికీ దానికీ మధ్య ఎడం సుమారు 19.5 అడుగులే. ఎత్తు ఎక్కువైన పడవకి ఈ వలయం పూర్తికాదు. తెరచాప పడవలవాళ్లు ముందే చాప కట్టే నిలువు కొయ్యని దింపుకుని, దాన్ని పడవ మీద పడుకోబెట్టి వెళతారు.

బబ్లూ సిగ్గుపడుతూ చెవిలో అడిగిన ప్రశ్న మిగిలింది. ఉంది నాన్నా, పడవలోనే మరుగుదొడ్డి ఉంది. కిందనున్న తొట్లో చేరుతుంది, సరస్సుల్లో వదలడం నేరం. రేవులో గొట్టం పెట్టి లాగించుకుంటారు. మంచినీళ్ల తొట్టి కూడా చిన్నదే. పక్కింటావిడ కంచాల్ని ముందు కాగితంతో తుడిచి, ఆ తర్వాతే చెంబెడు నీళ్లతో కడిగింది. మీ అమ్మకి ఈ సంగతి చెప్పకండి, కుళాయి దగ్గర మీకే తిట్లు పడతాయి.

మీ
తాతయ్య