ఆసియా వేదికపై ఇరవై ఎనిమిదేళ్ల వెలితి: దోహా దగ్గర నుంచి చూస్తే

జపాన్‌లోని ఐచి-నగోయాలో 2026 సెప్టెంబరు 19న ఆసియా క్రీడలు మొదలవుతాయి. సిడ్నీలో కరణం మల్లీశ్వరి ఒలింపిక్ కాంస్యం గెలిచింది కూడా 2000లో అదే తేదీన. ఆసియా క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో మనకు పతకం ఎందుకు రావడం లేదన్న పాత ప్రశ్న శ్రీకాకుళం జిల్లాలో మళ్లీ లేవడానికి ఈ తేదీ ఒక్కటే చాలు. ఆసియా క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో భారత్‌కు చివరి పతకం తెచ్చింది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి మల్లీశ్వరే. 1998 బ్యాంకాక్‌లో, 63 కిలోల తరగతిలో రజతం. ఆ తర్వాత బుసాన్, దోహా, గ్వాంగ్‌ఝౌ, ఇంచియాన్, జకార్తా, హాంగ్‌ఝౌ అని ఆరు ఆసియా క్రీడలు గడిచిపోయాయి. ఈ ఆటలో మనకు ఒక్క పతకం రాలేదు.

ఈసారి వాదనకు నిప్పు పెట్టింది ఎంపిక నిబంధన. కొలతకు దొరికే ఆటల్లో, అంటే కిలోలు, సెకన్లు, మీటర్లతో తేలే ఆటల్లో, గత ఆసియా క్రీడల ఆరో స్థానానికి తగ్గని ప్రదర్శన చివరి పన్నెండు నెలల్లో చూపిన వారినే పంపుతామని కేంద్ర క్రీడా శాఖ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. హాంగ్‌ఝౌకు వెళ్లేటప్పుడు ఈ గీత ఎనిమిదో స్థానం దగ్గర ఉండేది. ఎనిమిది కాస్తా ఆరైంది. ఆమదాలవలస, నెల్లిమర్ల ప్రాంతాల్లో పిల్లలకు బరువులెత్తడం నేర్పేవారికి ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఉత్తరాంధ్రలో బలం గురించి రాసేటప్పుడు మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. తాలింఖానాల (పాతకాలపు వ్యాయామశాలల) కాలం, మల్లీశ్వరికి నీలంశెట్టి అప్పన్న మాస్టారి శిక్షణ, ఆమె సిడ్నీలో ఎత్తిన 240 కిలోలు ఈ జిల్లాల్లో చిన్న పిల్లలకు కూడా తెలిసిన కథలు. వాటిని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. నేటి తగవు అర్థం కావాలంటే చూడవలసిన ఏడాది 2000 కాదు, 2006.

అయితే ముందు హాంగ్‌ఝౌ సంగతి చూడాలి. అధికారుల వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన లిఫ్టర్లు మూడు స్వర్ణాలతో కలిపి పది పతకాలు తెచ్చారు. మరుసటి ఏడాది హాంగ్‌ఝౌలో భారత్ అన్ని ఆటల్లో కలిపి 107 పతకాలతో తన చరిత్రలోనే ఉత్తమ ప్రదర్శన చేసింది. ఆ 107లో వెయిట్‌లిఫ్టింగ్ వాటా సున్నా. వెళ్లింది ఇద్దరే, మీరాబాయి చాను, బింద్యారాణి దేవి. 49 కిలోల తరగతిలో మీరాబాయి స్నాచ్‌లో (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 83, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 108 ఎత్తి, మొత్తం 191 కిలోలతో నాలుగో స్థానంలో నిలిచారు. కాంస్యం గెలిచిన థాయ్ లిఫ్టర్ మొత్తం 199. ఆ అంకె దాటాలంటే మీరాబాయి క్లీన్ అండ్ జెర్క్‌లో 117 కిలోలు ఎత్తాలి. రెండుసార్లు ప్రయత్నించారు, రెండుసార్లూ బార్ నిలవలేదు. 2021లో తాష్కెంట్‌లో 119 ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టిన లిఫ్టర్ ఆమె. గాయం పడిన శరీరం ఆ రోజు సహకరించలేదు. స్వర్ణం 216 కిలోలతో ఉత్తర కొరియాకు, రజతం 213తో చైనాకు పోయాయి.

అధికారులు చెప్పేది ఇదే. ఆసియా అంటే ఈ ఆటలో దాదాపు ప్రపంచ పోటీ. చైనా, ఉత్తర కొరియా, థాయిలాండ్, ఇండోనేషియా ఎదురుగా ఉంటాయి. కామన్వెల్త్‌లో ఇవేవీ ఉండవు. కాబట్టి గెలిచే అవకాశం ఉన్నవారినే పంపాలి, ప్రజాధనాన్ని విహారయాత్రలకు ఖర్చు పెట్టకూడదు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది గట్టి పోటీకి మన దగ్గర ఇద్దరే ఎందుకు మిగిలారన్న ప్రశ్నను తాకదు.

ఆ ప్రశ్నకు జవాబు దోహాలో ఉంది.

2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడలు జరిగాయి. వెయిట్‌లిఫ్టింగ్ వేదిక మీదికి భారత్ నుంచి ఎవరూ ఎక్కలేదు. ఓడిపోవడం వల్ల కాదు, పోటీ పడే హక్కే లేకపోవడం వల్ల. అంతకు ముందు నాలుగేళ్లుగా వరస చూడండి. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్‌లో ఇద్దరు పురుష లిఫ్టర్లు డోపింగ్‌లో, అంటే నిషేధిత మందుల వాడకంలో, పట్టుబడి పతకాలు పోగొట్టుకున్నారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు మహిళా లిఫ్టర్లు. 2006 మార్చిలో మెల్‌బోర్న్ కామన్వెల్త్‌లో మళ్లీ ఇద్దరు. దాంతో అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్యనే సస్పెండ్ చేసింది. అదే మెల్‌బోర్న్‌లో 48 కిలోల తరగతిలో స్వర్ణం గెలిచిన కుంజరాణి దేవి సైతం దోహాకు వెళ్లలేకపోయారు. తప్పు చేసినవారికీ చేయనివారికీ ఒకటే శిక్ష పడింది.

దోహాను ఒక అవమానంగా చెప్పుకొని వదిలేయడం సులభం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చూస్తే అది అంతకన్నా పెద్ద నష్టం. సిడ్నీ పతకం వచ్చిన రోజున ఇక్కడి పల్లెల్లో పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లల్ని వ్యాయామశాలకు పంపడం మొదలైంది. అంతకు ముందు ఆడపిల్ల బరువులెత్తితే పెళ్లి కాదన్న ఇళ్లలోనే ఆ మాట మారింది. ఈ ఆటలో ఒక లిఫ్టర్ తయారు కావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మొదటి ఏడాది, రెండేళ్లు బార్ పట్టు, కాళ్ల ఎడం, వీపు నిటారు వంటివే నేర్పుతారు. బరువు పెంచేది ఆ తర్వాతే. లెక్క వేస్తే, 2000లో మొదలుపెట్టిన పిల్లలు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు వచ్చి, పెద్దల పోటీల తలుపు తట్టవలసిన ఏడాది 2006. మల్లీశ్వరిని చూసి బార్ పట్టిన తరం ఫలానికి వచ్చే వేళకు దేశానికే పోటీ పడే అవకాశం లేకుండా పోయింది.

ఆ తరం ఏమైంది? ఎక్కువ మంది ఉద్యోగాల్లో చేరారు. క్రీడా కోటాలో రైల్వే, పోలీసు, సైన్యం. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ లాంటి ఊళ్లలో ఈ ఆట ఇప్పటికీ బతికి ఉండటానికి ఆ ఉద్యోగాలే కారణం, కాబట్టి వాటిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే అంతర్జాతీయ వేదిక మూసుకుపోయాక ఇళ్లలో ఆశ కొలత మారిపోయింది. జాతీయ స్థాయిలో ఒక పతకం, దాని మీద ఒక ఉద్యోగం, అక్కడితో ఆట ముగింపు. ఆ రోజుల్లో బార్ పట్టినవారు ఈ మాటే చెబుతారు. తమకు ఆసియా క్రీడలు ఒక లక్ష్యంగా ఎవరూ చూపించలేదని.

అక్కడితో ఆగిందా అంటే, లేదు. 2009లో మరో ఆరుగురు పట్టుబడ్డారు. ఐదు లక్షల డాలర్ల జరిమానా పడింది. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు మన దేశమే నిర్వహిస్తోంది కాబట్టి డబ్బు కట్టి నిషేధం నుంచి బయటపడ్డారు. ఆ క్రీడల్లో 69 కిలోల తరగతిలో స్వర్ణం గెలిచిన రవికుమార్ ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురం కుర్రాడు. జరిమానా కట్టకపోయి ఉంటే ఆ స్వర్ణం ఉండేది కాదు. సొంత గడ్డ మీద పరువు కోసం అంత చురుగ్గా కదిలిన వ్యవస్థ నాలుగేళ్ల ముందు దోహా కోసం ఎందుకు కదల్లేదో ఇప్పటికీ ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. నిషేధమే అన్నింటికీ మూలమైతే థాయిలాండ్ మాటేమిటి? డోపింగ్ కారణంగానే ఆ దేశం టోక్యో ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌కు దూరమైంది. అయినా హాంగ్‌ఝౌలో మీరాబాయి కన్నా ముందు నిలిచింది థాయ్ లిఫ్టరే. నిజమే. నిషేధం ఒక్కటే ఆటను చంపదు. నిషేధ కాలంలో కింది అంతస్తును కాపాడుకున్న దేశం మళ్లీ లేస్తుంది. మనం కాపాడుకోలేదు. దోహా తర్వాత దృష్టి అంతా పటియాలా జాతీయ శిబిరం మీదికి, అందులో పతకం తేగల ఒకరిద్దరి మీదికి పోయింది. ఒకరిద్దరి మీద ఆధారపడితే, ఆ ఒకరికి నడుము పట్టేసిన రోజున దేశానికి పతకం ఉండదు. 2017లో ప్రపంచ విజేత అయిన మీరాబాయి 2018 జకార్తాకు నడుము నొప్పితో వెళ్లలేదు. 2023లో వెళ్లినా గాయం తోడు వెళ్లింది. రెండుసార్లూ ఆమె స్థానంలో నిలబడి పతకం తేగల మరొకరు దేశంలో లేరు.

కింది అంతస్తు అంటే ఏమిటో నెల్లిమర్ల వైపు ఒక పల్లె వ్యాయామశాలలో చూశాను. రేకుల కప్పు. నేల మీద చెక్క పలకలు, బరువులు పడే రెండు వైపులా రబ్బరు పరుపులు, అంచులు ఊడిపోయి. పన్నెండేళ్లు ఉంటాయేమో, ఒక అమ్మాయి బొటనవేలిని బార్‌కు ఆనించి మిగతా వేళ్లను దాని మీదుగా బిగిస్తోంది. హుక్ గ్రిప్ అంటారు, కొత్తలో ప్రాణం పోయేంత నొప్పి. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది పురుషుల బార్. బరువు 20 కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. మహిళల పోటీల్లో వాడే బార్ 15 కిలోలది, 25 మిల్లీమీటర్లది. పెద్దలకు మూడు మిల్లీమీటర్లు లెక్కలోకి రాకపోవచ్చు. చిన్న చేతికి అది బొటనవేలు అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా. ఏళ్ల తరబడి లావు బార్‌తో నేర్చుకున్న పట్టును పోటీ బార్ మీద మళ్లీ సరిదిద్దుకోవాలి. అక్కడ మహిళల బార్ ఎందుకు లేదని అడిగితే, అడిగామని, రాలేదని చెప్పారు.

అలాంటి చోట నుంచే మత్స సంతోషి వచ్చారు. కొండవెలగాడ అమ్మాయి. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల తరగతిలో 188 కిలోలు ఎత్తి మూడో స్థానంలో నిలిచారు. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో పట్టుబడటంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది. పన్నెండేళ్ల పాటు డోపింగ్ మన ఆటను ఎంత దెబ్బతీసిందో చూశాక, డోపింగ్ చేయని ఒక పల్లె అమ్మాయికి పరీక్షలే న్యాయం చేసిన ఆ సందర్భాన్ని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పని మొదలుపెట్టింది 2009లో. అంతకు ముందు మనవాళ్లు ఎక్కువగా విదేశాల్లో పట్టుబడ్డారు, అంటే దేశం పరువుతో సహా పట్టుబడ్డారు. ఇప్పుడు పరీక్షలు ఉన్నాయి. పల్లె వ్యాయామశాలలో పిల్లలకు ఏ పొడి తినాలో ఏది తినకూడదో తెలుగులో చెప్పే మనిషి మాత్రం ఇంకా లేడు. బజారులో డబ్బా మీద ఉన్న బొమ్మే వారికి సలహాదారు.

ఇప్పుడు ఆరో స్థానం నిబంధనకు వద్దాం. 2025 జూన్‌లో అంతర్జాతీయ సమాఖ్య బరువు తరగతులను మార్చింది. హాంగ్‌ఝౌలో జరిగిన 49 కిలోల పోటీ కొత్త పట్టికలో 48గా మారింది, 55 స్థానంలో 53 వచ్చింది. పాత తరగతిలో ఆరో స్థానం అంకెను కొత్త తరగతి లిఫ్టర్ మీద ఎలా రుద్దుతారన్నది కోచ్‌ల మొదటి ప్రశ్న. ఈ గజిబిజి మనకు కొత్త కాదు. 1998లోనూ తరగతులు మారాయి. 54 కిలోల్లో 1994, 1995 ప్రపంచ టైటిళ్లు గెలిచిన మల్లీశ్వరి ఆ ఏడాది 63 కిలోలకు మారి బ్యాంకాక్ వెళ్లారు. కొత్త బరువులో, పెళ్లయిన మరుసటి ఏడాది. ఆ రోజున ఆమె పేరు పక్కన పాత తరగతి అంకెలు పెట్టి కొలిచి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

కోచ్‌ల రెండో మాట ఇంకా బలమైనది. అనుభవం లేనివారిని పంపకపోతే అనుభవం ఎక్కడ వస్తుంది? 1990 బీజింగ్ ఆసియా క్రీడలకు ముందు జాతీయ శిబిరానికి ఎంపికైంది మల్లీశ్వరి అక్క. చెల్లెలు తోడుగా వెళ్లింది, అంతే. అక్కడ విదేశీ కోచ్ లియోనిద్ తరనెంకో ఆ పిల్లను గమనించి శిక్షణలోకి తీసుకున్నారని చెబుతారు. మూడేళ్లలో ఆమె ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచారు, నాలుగేళ్లలో హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం. ఏ కొలతా అప్పటికి ఆమెను అర్హురాలని చెప్పలేదు. చూసే కన్ను ఉన్న మనిషి ఒకరు శిబిరంలో ఉన్నారు.

నిబంధనలోనే ఒక వెసులుబాటు ఉంది. నిపుణులు తగిన కారణాలు చూపితే సడలించవచ్చు. 2023లో ఫుట్‌బాల్ జట్లు అర్హతకు దూరంగా ఉన్నా ఆ సడలింపుతోనే హాంగ్‌ఝౌ వెళ్లాయి. తరగతులు మారిన వెయిట్‌లిఫ్టింగ్‌కు అంతకన్నా న్యాయమైన కారణం ఉంది. యువ లిఫ్టర్లలో ఇద్దరు ముగ్గురికైనా ఆ సడలింపు అడగవలసింది జాతీయ సమాఖ్య, దాన్ని అడిగించవలసింది రాష్ట్ర సంఘం, ఉత్తరాంధ్ర ఎంపీలు. జాబితా ఖరారయ్యాక రాసే వినతిపత్రాలకు విలువ ఉండదు కాబట్టి ఆ పని ఇప్పుడే జరగాలి. దానితో పాటు ఈ రెండు జిల్లాల్లో ఆడపిల్లలు సాధన చేసే ప్రతి వ్యాయామశాలకూ ఒక 15 కిలోల బార్.